గిర్దావరు భోంచేసి వెళ్ళిన రోజు

మా అన్న చదువు ఆగిపోవడానికి కారణం నెయ్యి అని నేనంటే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళకు నెయ్యి అంటే సీసాలో ఉండేది, అన్నంలో వేస్తే వద్దని పక్కకు తోసేది. సూర్యాపేటలో మా ఇంట్లో ఆ ఏడాది నెయ్యి వాసన వచ్చింది ఒక్క పూటే. ఆ పూట ఆ నెయ్యి తిన్నది మేము కాదు.

పోలీసు యాక్షన్ అయిన తర్వాతి ఏడు అది. నాన్న బడిపంతులు. ఊళ్ళన్నీ అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో జ్వరం తగిలింది. దవాఖానకు తీసుకుపోదామంటే బండి కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. జ్వరం మాత్రం ఎవరికీ భయపడకుండా తన పని చేసుకుపోయింది. ఆయనకు రావలసిన జీతం పాత సర్కారు ఇవ్వాలో కొత్త సర్కారు ఇవ్వాలో తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. అడిగే ఓపిక ఉన్నవాళ్ళు కూడా పోయారు.

అన్న అప్పటికి హైదరాబాదులో బి.ఏ. మొదటి ఏడు చదువుతున్నాడు. మా వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. నాన్న పోయాక కూడా కొన్నాళ్ళు హాస్టలు వాళ్ళు ఊరుకున్నారు. తర్వాత ఊరుకోలేదు. బీద విద్యార్థులకు సర్కారు నెలనెలా ఇచ్చే సాయం ఒకటుండేది, మా వైపు వజీఫా అనేవాళ్ళం. అది వస్తే చదువు, రాకపోతే ఇంటికి. మధ్యలో ఇంకో దారి లేదు. దరఖాస్తు పెట్టాడు. ఇంటి పరిస్థితి ఏమిటో సూర్యాపేట తహసీలు కచేరీ నుంచి గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, వచ్చి విచారించి రాస్తాడనీ, అంతా ఆయన రాసేదాని మీదే ఉందనీ అమ్మకు కబురు పంపాడు.

ఇక్కడ మా అమ్మ గురించి ఒక మాట చెప్పాలి. చదువు రాదు గానీ తెలివితక్కువ మనిషి కాదు. నాన్న పోయాక ఇల్లు నడిపింది మోదుగాకుల విస్తళ్ళతోనే. తండాల ఆడవాళ్ళు ఆకులు తెచ్చి వేసేవాళ్ళు, అమ్మా నేనూ పుల్లలతో కుట్టేవాళ్ళం, బస్టాండు దగ్గర హోటలాయన కొనుక్కునేవాడు. పంతులుగారి భార్య విస్తళ్ళు కుట్టి అమ్ముకుంటోందని నలుగురూ అనుకోకూడదని తలుపు వేసి కుట్టేది. నలుగురికీ తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటం మా సందు మర్యాద.

‘అంతా ఆయన చేతిలోనే ఉంది’ అన్న మాట అమ్మకు బాగానే అర్థమైంది. ఎవరి చేతిలో మన బతుకు ఉంటుందో వాళ్ళను ఏం చేయాలో కూడా ఆమెకు తెలుసు. ఆమె పుట్టి పెరిగిన కాలంలో సర్కారు మనిషి ఊళ్ళోకి వస్తున్నాడంటే పాలు, నెయ్యి, నవారు మంచం, కాగునిండా వేణ్ణీళ్ళు సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఆ ఊరి పని ఆ ఏటికి ఖతం. రాజ్యం మారిందని అందరూ అన్నారు. వచ్చేవాడికి అన్నం పెట్టడం కూడా మారిందని ఎవరూ చెప్పలేదు.

పైగా మా సందులో ఒక పద్ధతి ఉండేది. ఎవరింట్లో పెళ్ళిచూపులైనా సందులోని మంచి వస్తువులన్నీ ఆ ఇంటికి నడిచి వచ్చేవి. బట్టల దుకాణం వాళ్ళ జంఖానా, పక్కింటి అత్తమ్మ వెండి గ్లాసు, కంసాలి వాళ్ళ చేతుల కుర్చీ. ఆ జంఖానా మీద పెళ్ళివాళ్ళు కూర్చోకుండా మా సందులో ఒక్క పిల్లకూ సంబంధం కుదరలేదు. ఒకే జంఖానాను రెండు మూడు ఇళ్ళలో చూసిన మగపెళ్ళివాళ్ళు కూడా నోరు మెదపలేదంటే, వాళ్ళ సందులోనూ అలాంటిది ఒకటి ఉండేదన్నమాట.

గిర్దావరు వస్తున్నాడని తెలియగానే పక్కింటి అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది.

“వదినా, గిర్దావరంటే మాటలా? జంఖానా నేనే దులిపి తెస్త. గ్లాసు సింతపండుతోని తోమిన, తళతళ అంటున్నది. నీ బిడ్డకు ఆ సినిగిన లంగ ఇడిపియ్యి, మా పిల్ల పట్టులంగ కడ్దాం.”

“ఆయన నన్ను సూడనీకి వస్తున్నడా అత్తమ్మా?” అన్నాను.

“నోరు సూడు దీనిది! ఏ ఇంట్ల పడ్తదో గాని ఆ ఇంటోల్లు సచ్చిన్రు పో.”

అమ్మ నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. నేనేదో కనిపెట్టి అడిగానని అనుకోకండి. నోటి తీట కొద్దీ అన్నమాటే అది. పట్టులంగా కట్టుకోవాలని నాకూ ఉంది. సందంతా కలిసి మా అన్నను నిలబెడుతోందని నాకూ సంతోషంగానే ఉంది.

విస్తళ్ళ కట్టలు, ఆకుల మూటలు గోడ మీదుగా అత్తమ్మ వాళ్ళ పెరట్లోకి పోయాయి. ఇల్లు ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టారు. కోదాడ నుంచి మా మేనమామ దిగాడు, ఒక చేతిలో నెయ్యి ముంత, భుజం మీద సన్నబియ్యం మూట. అమ్మకు ఒక్కడే తమ్ముడు. కోదాడ వాళ్ళ మాటలో కృష్ణ అవతలి గాలి కొంచెం ఉంటుంది. ఆ మాటతోనే మా మామ ఎప్పుడూ పెద్ద ఆసామిలా వినిపించేవాడు.

“అక్కా, నువ్వేం పరేషాన్ కాకు. నేనుండగా వాడెవడి ముందో నీ తల దించనిస్తానా?”

“ఆయన మనసు నొవ్వకుంట సూడు తమ్మీ. అంతే,” అంది అమ్మ.

గిర్దావరు సైకిలు మీద వచ్చాడు. నేను తెల్లమీసాల వాణ్ణి ఊహించుకున్నాను. ఈయనకు మీసమే సరిగా రాలేదు. కరీంనగరు దిక్కు మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, చొక్కా వీపంతా చెమట. జంఖానా మీద కాలు పెట్టాలా వద్దా అని గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు.

“అమ్మా, మీ కొడుకు దరఖాస్తు పెట్టిండు. ఇల్లెట్ల గడుస్తున్నదో అడగనీకి వచ్చిన. తిననీకి కాదు,” అన్నాడు, వంటింటి వాసన పసిగట్టి.

“అట్లంటే ఎట్లాగండీ! పొద్దు నెత్తికెక్కింది. మా గడపలోకొచ్చి ఖాళీ కడుపుతో పోతే మా బావగారి ఆత్మ కొట్టుకోదా?” అని మామ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

చనిపోయిన మనిషి పేరు చెప్పాక ఇక ఆయన కాదనలేకపోయాడు. కూర్చున్నాడు. నేను పట్టులంగా సర్దుకుంటూ వెండి గ్లాసులో నీళ్ళు పెట్టాను. పప్పు, పచ్చిపులుసు, గారెలు, ముద్దముద్దకూ నెయ్యి. వద్దంటే మామ ఇంకో గరిటె వేసేవాడు. ఆ అబ్బాయి తలెత్తకుండా తిన్నాడు. చివరికి చేయి కడుక్కుని, “మా అమ్మ పోయినంక గిట్ల కడుపునిండ తిన్నది ఇదే,” అన్నాడు. ముఖస్తుతి కాదు. ఆయన కళ్ళు చూశాను.

తర్వాత పెన్ను తీశాడు.

“ఇగ చెప్పుండ్రి. పంతులుగారు పోయినంక ఈ ఇల్లెవరు సూస్తున్నరు?”

మా మామ ఒకసారి తలుపు వైపు చూశాడు. అమ్మ తలుపు వెనక ఉంది. భర్త పోయి ఏడాది తిరగని మనిషి పరాయివాళ్ళ ముందుకు రాదు. మామ వీపు నిటారుగా చేసుకున్నాడు.

“నేను లేనా అండీ? ఆడపడుచును రోడ్డున పడేస్తామా? మా అక్కకు ఏ లోటూ లేదు.”

గిర్దావరు మంచివాడు. మంచివాడని ఎందుకంటున్నానంటే, ఆయన అక్కడితో ఆగలేదు. తలుపు వైపు తిరిగి మర్యాదగా అడిగాడు. “అమ్మా, మీరేమంటరు?”

తలుపు వారగా అమ్మ కొంగు అంచు మాత్రం కనిపిస్తోంది. సందులో ఎవరో బిందె దించిన చప్పుడు వినిపించింది. మామ జంఖానా మీది గడులు చూస్తున్నాడు.

“నా తమ్ముడు చెప్పిండు గద,” అంది అమ్మ.

“మంచిది. తోడబుట్టినోల్లు గిట్లనే ఉండాలె,” అని గిర్దావరు లేచాడు. సైకిలెక్కుతూ నాకు కూడా చేయి ఊపాడు. ఆ సాయంత్రం జంఖానా, గ్లాసు, కుర్చీ, పట్టులంగా ఎవరింటికి అవి వెళ్ళిపోయాయి. పనైపోయిందని సందంతా సంబరపడింది. మిగిలిన రెండు గారెలు నేనూ అత్తమ్మ వాళ్ళ పిల్లా తిన్నాం. మామ కోదాడ బస్సెక్కాడు. విస్తళ్ళ కట్టలు గోడ మీదుగా తిరిగొచ్చాయి.

వజీఫా రాలేదు. అన్న వచ్చాడు, ట్రంకుపెట్టెతో సహా.

ఏం జరిగిందో అమ్మ చెప్పలేదు. పెద్దనోరు గలదాన్ని కదా, నేనే చెప్పాను, జంఖానాతో మొదలుపెట్టి. అన్న అంతా విని, “గారెలు గూడ చేసిన్రా?” అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అందుకే నాకు భయమేసింది.

మర్నాడు కచేరీకి పోతుంటే నేనూ వెంటపడ్డాను. వద్దన్నాడు, నేను వినలేదు. గిర్దావరు అన్నను కూర్చోబెట్టి మాట్లాడాడు.

“తమ్మీ, నేను సూసిందే రాసిన. జంఖానా సూసిన, వెండి గ్లాసు సూసిన. మీ మామ నోటితోని విన్న, మీ అమ్మ నోటితోని విన్న. లేనిది రాస్తే నేను లంచం తిన్నట్టే గద?”

“ఆ జంఖానా మాది కాదు సార్.”

“మరెవరిది?”

“సందుది.”

గిర్దావరు నవ్వాడు. అన్న నవ్వకపోయేసరికి ఆయన నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మా కాగితం మళ్ళీ ముందుకు లాక్కున్నాడు.

“గడువింకా ఉన్నది. నేనొక్కన్నే తిరగరాస్తే పైవాళ్ళు నన్నడుగుతరు. మీ మామను తీస్కరా. నేనేం ఇస్తలేను, వాళ్ళకు దిక్కులేదు అని ఈడ, నా ముందట చెప్పి సంతకం పెట్టుమను. మల్ల రాస్త. ఒక్క ముక్క చెప్తే చాలు.”

ఇదీ ఆ కుర్రవాడి నిజాయితీ. లంచం తినేవాడైతే మా పని జరిగిపోయేది. అమ్మ ఏదో ఒకటి అమ్మి వాడి చేతిలో పెట్టేది, మేము బీదవాళ్ళమని వాడు బంగారంలా రాసేవాడు. మా దురదృష్టం కొద్దీ నిజాయితీపరుడు దొరికాడు. ఇలా అంటే నన్ను వింతగా చూస్తారు. ఆయనను తిట్టడం లేదు నేను. కళ్ళతో చూసిందే నిజమని ఆయనకు నేర్పినవాళ్ళను అంటున్నాను. మొన్న నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఫీజు రాయితీ అడగడానికి వచ్చిన పిల్లను మా గుమాస్తా, ‘చేతికి గడియారం ఉంది కదా’ అని వెనక్కి పంపాడు. ‘ఆ గడియారం ఎవరిదని అడిగావా?’ అన్నాను. ‘ఆమె చేతికే ఉంది కదండీ మేడమ్’ అన్నాడు. అతనితో ఎంతసేపు పోట్లాడానో స్టాఫురూములో అందరికీ తెలుసు. ఎందుకు పోట్లాడానో ఎవరికీ తెలియదు.

అన్నా నేనూ కోదాడ వెళ్ళాం. మామ ఇంట్లో లేడు. అత్త మాకు జొన్న గటక పెట్టింది. గటక మీద మజ్జిగ పోస్తూ, అన్న ఏం అడగకముందే మొదలుపెట్టింది.

“ఆ రోజు మీ ఇంటికి తెచ్చిన నెయ్యి మా గేదె ఇచ్చిందనుకున్నారేమో. అనంతగిరిలో మా అన్నయ్య దగ్గర అడుక్కొచ్చారు మీ మామ. బియ్యమూ అంతే. మా పిల్లలు వాసన కూడా చూడలేదు. పొలం షావుకారి చేతిలో ఉంది. మీ అమ్మతో అనకండి, ఆయన నన్ను చంపేస్తారు.”

అన్న తింటున్న గటక ముద్ద గిన్నెలోనే పెట్టాడు. మామ వచ్చాక విషయం చెప్పాడు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, “అంతేనా? ఓస్! మేనల్లుడి కోసం ఆ ఒక్క ముక్క అనలేనా? పదండి,” అన్నాడు.

బస్సులో మామ కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అనుకుని చెవి పెట్టాను. “నేనేమీ ఇవ్వట్లేదండీ. మా అక్కకు నేనేమీ ఇవ్వట్లేదండీ.” సూర్యాపేట వచ్చేదాకా అదే మాట, బడిపిల్లవాడు ఎక్కం అప్పజెప్పుకున్నట్టు.

కచేరీ వరండాలో జనం ఉన్నారు. అందులో నడిగూడెం ఆసామి ఒకాయన మామను చూసి, “ఏం బావా, ఇటొచ్చావ్? ఏదన్నా పొలం గొడవా?” అని పలకరించాడు. అతను పక్కకు పోలేదు. ఏమిటో చూద్దామని మా వెనకే నిలబడ్డాడు.

“చెప్పుండ్రి పెద్దాయనా,” అన్నాడు గిర్దావరు, పెన్ను తీసి. “మీ అక్కకు మీరేమన్న ఇస్తున్నరా?”

మామ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“ఇప్పటిదాకా పెద్దగా ఇచ్చింది లేదండీ.”

అన్న ఊపిరి వదలడం నాకు వినిపించింది. గిర్దావరు పెన్ను కాగితం మీద పెట్టాడు. వెనక నడిగూడెం ఆసామి చిన్నగా దగ్గాడు. దగ్గే వచ్చిందో ఏమో, మనకెలా తెలుస్తుంది?

“ఇక మీదట ఇస్తాను,” అన్నాడు మామ. “నెలనెలా ఇస్తాను. నేను బతికుండగా మా అక్కకు దిక్కులేదని ఎట్లా రాస్తారండీ? ఒట్టు పెట్టమంటే పెడతాను.”

గిర్దావరు పెన్ను ఎత్తేశాడు. “గట్ల రాస్తే వజీఫా రాదు. మల్లొకసారి ఆలోచించి చెప్పుండ్రి.”

మా మామ వంటి మాటకారి మాట కోసం అలా వెతుక్కోవడం నేను చూడలేదు. గిర్దావరు ఎదురుచూశాడు. అన్న మాత్రం ఎదురుచూడలేదు. వెళ్ళి మామ మోచేయి పట్టుకున్నాడు.

“పోదాం మామా. బస్సు పోతది.”

మామ ఆ ఒక్క ముక్క అనలేకపోవడాన్ని అహంకారం అంటారు మా వారు. ఈ కథ చెప్పినప్పుడల్లా మా ఇద్దరికీ గొడవే. అహంకారం అంటే ఉన్నవాడికి ఉండేది. మా మామకు ఉన్నదల్లా అక్క ఒక్కతే. ఆమెకు తాను అన్నం పెట్టలేనని కచేరీలో, ఎరిగినవాడి ముందు చెప్పి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టాక కోదాడలో ఏ ముఖంతో తిరుగుతాడు, అక్క గడప ఏ ముఖంతో ఎక్కుతాడు? సాయం చేస్తామంటూ సర్కారు అడిగింది అదీ. సంతకం పెట్టలేకపోవడం ఆయన తప్పు అని మా వారు ఇప్పటికీ అంటారు. ఒక చదువు నిలబడేదంటారు. అదీ నిజమే. అందుకే ఆ గొడవ ఎప్పుడూ తేలదు.

అమ్మకు అన్నే చెప్పాడు. “మామ చెప్పలేకపోయిండే.”

“ఎట్ల చెప్తడు?” అంది అమ్మ. చేతిలో ఆకు మీద పుల్ల గుచ్చింది, ఇంకో ఆకు తీసుకుంది. “నువ్వు తిన్నవా?” అంది.

మామ మాట తప్పాడనడానికి వీల్లేదు. ఆ ఏడు ఒక బస్తా జొన్నలు పంపాడు. మరుసటి ఏడు ఆయన పొలమే పోయింది. ఆ తర్వాత పండక్కి కూడా మా ఇంటికి రావడం తగ్గించాడు. వస్తే గుమ్మం దగ్గరే కూర్చుని నీళ్ళు తాగి లేచేవాడు. అమ్మ ఎంత పిలిచినా లోపలికి వచ్చేవాడు కాదు. ఒకళ్ళనొకళ్ళు కాపాడుకోబోయి ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు లేకుండా పోయారు.

అన్న మిర్యాలగూడలో ధాన్యం అడ్తి దుకాణంలో గుమాస్తాగా కుదిరాడు. తర్వాత నన్ను చదివించింది ఆయనే. వజీఫా కోసం నేను దరఖాస్తు పెడతానంటే, “వద్దు చెల్లె, నేనున్న గద,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అచ్చం మా మామలా ఉన్నాడు. తేడా ఏమిటంటే, ఈయన నిజంగానే ఇచ్చాడు. కొత్త చొక్కాలు మానేసి, పెళ్ళి వాయిదా వేసి, పొద్దున కాటా దగ్గర నిలబడి పొద్దుగూకాక కూర్చుని ఇచ్చాడు. నేను హైదరాబాదు వెళ్ళి బి.ఏ. రెండో ఏడు పూర్తి చేశాను. ఆయన ఆగిపోయిన చోటు దాటి నేను ముందుకు వెళ్ళాను.

ఆ సెలవుల్లో మిర్యాలగూడ వెళ్ళాను. దుకాణంలో బస్తాల మధ్య ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కొంచెం తెరిపి దొరకగానే వచ్చి ఎదురుగా ఒక బస్తా మీద కూర్చున్నాడు. కనుబొమ్మల మీద వడ్ల దుమ్ము. అమ్మ ఎట్లా ఉంది, హాస్టల్లో తిండి ఎట్లా ఉంది, అన్నీ అడిగాడు. అడగాల్సినవి అయిపోయాక పక్కకు చూస్తూ అన్నాడు.

“రెండో ఏట్ల హిస్టరీల ఏం చెప్తరు చెల్లె?”

చెప్పాను. ఏ దేశాలు, ఏ రాజులు, ఏ యుద్ధాలు, ఏ పుస్తకం ఎంత లావు, ఏ లెక్చరరు ఎలా చెప్తాడు, అన్నీ చెప్పాను. దూరపు ఊళ్ళో ఉన్న సొంత మనిషి క్షేమసమాచారం వింటున్నట్టు విన్నాడు. ఒకచోట ఆపి, “గది మల్ల చెప్పు,” అన్నాడు. మళ్ళీ చెప్పాను. బయట బండ్లు వచ్చి ఆగాయి, సేటు పిలిచాడు. అన్న లేచి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

“గంతేనా? నేనింకేందో అనుకున్న,” అన్నాడు నవ్వుతూ.

ఎవరేమన్నా ఎదురు చెప్పకుండా ఊరుకోని దాన్ని.

“గంతే అన్నా,” అన్నాను.